చీటియు, సొత్తును



నేను 32 సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. బాల్యమున మా తాతగారి యొద్ద అమరకోశమును, బాలవ్యాకరణమును వల్లించితిని. ఇట్టివాడు కంప్యూటరును గూర్చి మాటలాడ వచ్చుట మీకు వింతగా తోచవచ్చును. అయినను నేడు నేను చెప్పబోవు విషయము ఇంట తాటియాకు కట్ట గల ప్రతి కుటుంబమునకును, గుడిలోని శాసనమునకు ఫోటో తీయించిన ప్రతి గ్రామమునకును, ముసలివారి పాటను ఫోనులో పట్టియుంచిన ప్రతి మనుమనికిని పనికివచ్చునది. మాటిమాటికి దిద్దబడుచుండు వ్రాతలను వాని పూర్వరూపములతో గూడ భద్రపఱచుటకు కంప్యూటరులో నొక చక్కని పద్ధతి కలదు. దానిని వెర్షన్ కంట్రోల్ అందురు. మనము ప్రతుల చరిత్ర పద్ధతి యనుకొందము. వ్రాతలకై పుట్టిన యా పద్ధతిలో బొమ్మలను, ధ్వనులను దాచి పదిమందికి పంచవలెననిన ఏమి చిక్కులు వచ్చును? వానిని దాటుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగము. దీనిని నేను కొంత వినియు, కొంత చదివియు, మిక్కిలి భాగము నష్టపడియు నేర్చుకొంటిని.

ప్రతుల చరిత్ర మనకు క్రొత్త కాదు. అచ్చుయంత్రము రాక పూర్వము ఒక ప్రతిని చూచి మఱొక ప్రతిని వ్రాసికొనెడివారు. వ్రాయునపుడు ఒకచోట అక్షరము జారును. ఒకచోట పాదము తప్పును. ఒకచోట లేఖకుడే తన తెలివిని జేర్చును. ఇట్లు పాఠాంతరములు పుట్టును. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర (1798–1884) మా కడపలో ఇల్లు కొని, సొంత ధనము వెచ్చించి, పండితులను లేఖకులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులను తెప్పించి పోల్చి చూపించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించినవాడును ఆయనయే. ఆ పండితులు చేసిన పనియందు నాలుగు ప్రశ్నలు కలవు: ఏ పంక్తి మారినది? ఎవరు మార్చిరి? ఎప్పుడు మార్చిరి? ఏల మార్చిరి? ఈ నాలుగింటికి ఉత్తరము వ్రాసిపెట్టుకొనిన పరిష్కర్తకు ముందు ముందు చిక్కు లేదు.

ఈ పనినే యంత్రముచే జేయించుటకు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు మార్క్ రాక్‌కైండ్ అను నతడు 1972లో ఒక సాధనమును గల్పించెను. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిచీ అను నతడు ఆర్.సి.ఎస్. అను మఱొక దానిని గల్పించెను. దీని యుపాయము చూడుడు: క్రొత్త ప్రతిని సంపూర్ణముగా నుంచును, పాత ప్రతులను మాత్రము, ‘పదవ పంక్తి తీసి యీ పంక్తి పెట్టుము’ అను సూచనలుగా దాచును. నూఱు ప్రతులున్నను నూఱింతల స్థలము పట్టదు. అన్ని పంక్తులు మారవు గదా! మారినది మాత్రమే వ్రాసికొనిన చాలును.

పిమ్మట 2005 ఏప్రిల్ మాసమున, లినక్స్‌ను నిర్మించిన లినస్ టోర్వాల్డ్స్ గిట్ అను సాధనమును వెలువరించెను. అంతవఱకు వారు వాడుచుండిన సాధనమును ఉచితముగా వాడుకొను అనుమతి తొలగినందున ఆయన దీనిని స్వయముగా గట్టికొనవలసి వచ్చెను. నేడు లోకములో మిక్కిలి వాడుక యందున్నది యిదియే. దీని ముఖ్యలక్షణము లిరువది చెప్పవచ్చును గాని మనకు రెండు చాలును. మొదటిది: భాండారమునకు నకలు తీసికొన్న ప్రతివాని యొద్దకును ఆద్యంతముగల చరిత్ర వచ్చును. కరణము నింట ఒక్క దస్త్రమే యుండుటకు మాఱుగా, ఊరి ప్రతి యింటను సంపూర్ణ దస్త్ర ముండినట్లు. రెండవది: ప్రతి ఫైలునకు దాని లోపలి బైట్ల నుండి లెక్కగట్టిన 40 అక్షరముల ముద్రయే పేరు. లోపల ఒక్క బైటు మారినను ముద్ర మారిపోవును. కావున దొంగచాటుగా దిద్దుట కవకాశము లేదు.

ఇక బైనరీ ఫైలనగా నేమి? నిజమునకు కంప్యూటరులో నున్నవన్నియు ఒకటియు సున్నయు గూర్చిన సంఖ్యలే. ‘క’ యను తెలుగక్షరము సైతము వాడుకలోని యూనికోడ్ పద్ధతిలో మూడు బైట్లుగా నుండును. అయినను వ్రాత ఫైలులో బైట్లు అక్షరములగును, అక్షరములు పంక్తులగును; పంక్తి పంక్తితో పోల్చవచ్చును. బొమ్మలోను, ధ్వనిలోను, చలనచిత్రములోను పంక్తులు లేవు. ఇట్టివానినే బైనరీ ఫైళ్లందురు. గిట్ వీనిని గుర్తించు తీరు మిక్కిలి సులభము: ఫైలు మొదటి 8,000 బైట్లలో ఎచ్చటనైనను సున్న విలువగల బైటు కనబడినచో, ఇది బైనరీ యని తలచును. అంతట పంక్తుల భేదమును జూపుట మాని, ‘ఈ రెండును వేఱు’ అని మాత్రము పలికి యూరకుండును.

ఈ యెఱుక లేకున్న హానియు గలదు. డిక్ గ్రూన్ 1986లో మొదలుపెట్టిన సి.వి.ఎస్. అను సాధనము, ఫైలు బైనరీ యని ముందుగా చెప్పనిచో, వ్రాతకు చేసినట్లే దానిలోను పంక్తుల చివరలను సవరింపజూచును. ఆ సవరణతో బొమ్మ చెడిపోవును. చదువురాని లేఖకుడు పటములోని గీతలను అక్షరము లనుకొని దిద్దిన ట్లుండును.

ఇంకొక చిక్కు. ఇద్దఱు పండితు లొకే గ్రంథమును వేఱువేఱు పుటలలో దిద్దినచో, ఆ రెండు దిద్దుబాట్లను యంత్రము తానే కలుపగలదు. ఇద్ద ఱొకే బొమ్మను దిద్దినచో కలుపజాలదు. ఒకరి పని నిలుచును, మఱొకరి పని పోవును. అందుచేతనే సబ్‌వర్షన్ అను సాధనమున 2005లో బీగము పద్ధతిని జేర్చిరి. చెఱువు నీటి కొకరి వంతు ముగిసినగాని మఱొకరి వంతు రానట్లు, ఒకడు బొమ్మను దిద్దుచున్నంతసేపు మఱొకడు తాకరాదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు బరువు. ఇచ్చట మా యింటి కథ చెప్పవలసియున్నది.

మా ముత్తాతగారు పశువైద్యమున పేరుపొందినవారు. వారు స్వహస్తముతో వ్రాసికొన్న పశువైద్య గ్రంథము 120 తాటియాకుల కట్టగా మా మిద్దెయింట అటుకపై నుండెను. రెండు ప్రక్కలును వ్రాతయే. అంచులలో ఏ యూరి యే యెద్దున కే మందు గుదిరినదియు వ్రాసియుండిరి. 2019 వేసవిలో మా తమ్ముని కుమార్తె, కంప్యూటరు పని చేయునామె, సెలవులకు వచ్చి ఆకులన్నిటికి ఫోటోలు తీసెను. 120 ఆకులకు 240 ఫోటోలు; ఒక్కొక్కటి 12 మెగాబైట్లు; వెరసి 2,880 మెగాబైట్లు. నేను చదివి చెప్పుచుండగా ఆమె మూలము నెక్కించెను. 240 ప్రక్కలలోని వ్రాత యంతయు గలిపి 0.6 మెగాబైటునకు మించలేదు. అనగా బొమ్మల బరువు వ్రాత బరువునకు సుమారు 5,000 రెట్లు.

రెంటిని ఒకే గిట్ భాండారమున నుంచితిమి. వ్రాతకు ఒక్క సంవత్సరమున నేను వందలకొలది సవరణలు చేసితిని. భాండారము పెరిగిన గుఱుతు లేదు. ఫోటోలను మాత్రము ఆమె మూడుమారులు సవరించెను: ఒకమారు వంకర తీసెను, ఒకమారు వెలుగు పెంచెను, ఒకమారు అంచులు కత్తిరించెను. మా కంటికి బొమ్మ అదియే. యంత్రమునకు మాత్రము సవరించిన ప్రతిమారును అది సరిక్రొత్త బొమ్మ. ఫోటోలు సాధారణముగా నుండు జేపెగ్ రూపము ముందే కుదింపబడినది; వెలుగు కొంచెము పెంచి మఱల భద్రపఱచినచో లోపలి బైట్లు దాదాపన్నియు మారిపోవును. గిట్ బొమ్మల నడుమ గూడ పోలికను వెదకును గాని ఇట్టివానిలో పోలిక దొరకుట యరుదు. కావున మొదటి రూపముతో గూడ నాలుగు రూపములు, ఒక్కొక్కటి 2,880 మెగాబైట్లు, వెరసి 11,520 మెగాబైట్లు పేరుకొనెను.

పనికిరాని పాత రూపములను చెఱిపివేయవచ్చును గదా యని మీరడుగవచ్చును. అదియే యీ పద్ధతిలోని గుణమును దోషమును. చెఱిపితినని మీరనుకొన్న ఫైలు నేటి రూపమున కనబడదు. చరిత్రలో నట్లే యుండును. మఱవకుండుటకే గదా యీ యంత్రము పుట్టినది! నకలు తీసికొనువాడు ఆ బరువు నంతయు మోయవలెను. మా యూర రోజునకు 1.5 గిగాబైట్ల ఫోను పథకముతో ఆ నకలు రావలెననిన ఎనిమిది దినములు పట్టును. అదియు, నకలు తీయుచుండగా నడుమ తెగినచో గిట్ తెగినచోటి నుండి సాగించదు, మొదటికి వచ్చును. ప్రొద్దుటూరిలో ఉపాధ్యాయుడుగా నున్న నా పూర్వశిష్యు డొకడు మూడుమారులు ప్రయత్నించి విసిగెను. తుదకు మా యమ్మాయి భాండారము నంతయు ఒక హార్డు డిస్కులో నెక్కించి, బస్సులో వెళ్లి యతని చేతికిచ్చి వచ్చెను. ఈ డిస్కును మఱవకుడు; దీనితో ముందు పని యున్నది.

ఈ బరువునకు పెద్దలు కనిపెట్టిన యుపాయము చీటి పద్ధతి. ధాన్యపు బస్తాలను దస్త్రములో పెట్టము గదా! బస్తాలు గాదెలో నుండును. ఎన్ని బస్తాలు, ఏ గుఱుతుతో నున్నవి యను చీటి దస్త్రములో నుండును. 2015లో గిట్‌హబ్ సంస్థ వెలువరించిన గిట్ ఎల్.ఎఫ్.ఎస్. అను సాధనము సరిగా నిట్లే చేయును. భాండారములో బొమ్మకు మాఱుగా మూడు పంక్తుల చీటి యుండును. మొదటి పంక్తిలో పద్ధతి పేరు. రెండవ పంక్తిలో బొమ్మ యొక్క 64 అక్షరముల ముద్ర. మూడవ పంక్తిలో బొమ్మ యెన్ని బైట్లన్న లెక్క. బొమ్మ మాత్రము వేఱొక గాదెలో నుండును. నకలు తీసికొనువానికి చీటీల చరిత్ర యంతయు వచ్చును. బొమ్మలలో నేటికి కావలసినవి మాత్రము గాదె నుండి వచ్చును. ఆ గిట్‌హబ్ సంస్థ తన భాండారములలో 100 మెగాబైట్లు మించిన ఫైలును సాధారణ మార్గమున అంగీకరింపదు. అట్టివానికి ఈ మార్గమునే చూపును.

మా యమ్మాయి 2020 ఆరంభమున ఈ పద్ధతికి మార్చెను. ప్రతివత్సరమును రుసుము చెల్లించు నొక గాదెను కుదిర్చెను. పాత బరువును దించుటకై చరిత్రను మొదటి నుండి తిరుగవ్రాయించెను. ఇట్లు తిరుగవ్రాసినచో ముద్రలన్నియు మారును; పాత నకళ్లు క్రొత్తదానితో పొసగవు. అందుచే, ‘పాత నకళ్లను పారవేయుడు’ అని అందఱకును వర్తమానము పంపెను. అదే సమయమున ఒక ఫోటో మసకగా నున్నదని చూచి, ఆ ఆకునకు మఱల ఫోటో తీసి గాదెలో జేర్చెను. అది కట్టలోని చివరి యాకు. మా ముత్తాతగారు తమ పేరును, గురువుగారి పేరును, ముగించిన తిథిని వ్రాసికొన్న యాకు.

2020 నవంబరులో నివర్ తుపాను వచ్చినది. మా కడప సీమలో ఎడతెగని వానలు. మిద్దె కారి అటుక తడిసినది. మేము కట్ట విప్పి చూచునప్పటికి ఆకులొకదాని కొకటి యంటుకొని బూజు పట్టియుండెను. ఆరబెట్టితిమి, పొడియై రాలినవి. నాకు దుఃఖము కలిగినను, ‘బొమ్మలున్నవి గదా’ యని ధైర్యము చెప్పుకొంటిని.

2022లో గ్రంథమును అచ్చు వేయింపదలచి చిత్తుప్రతిని చూచుచుండగా ఒకచోట సందేహము కలిగెను. ఎద్దు కడుపుబ్బరమునకు చెప్పిన మందులో ఉమ్మెత్త గింజల తూకము వ్రాతలో గురిగింజ యెత్తులు ౩ అని యుండెను. గిట్ చరిత్రను చూపింపగా, మొదట నేను ౨ అని చదివించి, ఆఱు నెలల పిమ్మట ౩ అని దిద్దించినట్లు తేదీతో సహా కనబడెను. ఏల దిద్దితినో వ్రాయించలేదు; నాకు జ్ఞప్తి లేదు. తెలుగంకెలలో రెంటికిని మూటికిని గల భేదము ఒక్క మెలిక. ఉమ్మెత్త విషము. నేడు పశువైద్యుని యడుగక ఇట్టి మందు వేయరాదని పుస్తకమున వ్రాయనే వ్రాసితిమి. అయినను చూచి వేయువాడుండును. తప్పంకె యచ్చు వేయుట ప్రాణముతో నాటలాడుట. సాక్షి తాటియాకు. ఆకు లేదు. ఆకునకు సాక్షి ఫోటో.

ఫోటో తెఱవబోయితిని. బొమ్మ రాలేదు. మా యమ్మాయికి ఫోను చేసితిని. ఆమె దూరము నుండియే నా యంత్రమును పరిశీలించి, కొంతసేపు మాటాడక, “పెదనాన్నా, ఇవి బొమ్మలు కావు. అన్నియు మూడేసి పంక్తుల చీటీలే” అన్నది. నా యంత్రములో ఎల్.ఎఫ్.ఎస్. సాధనమును స్థాపించియుండలేదు, అందుచే నకలు తీసికొన్నపుడు నాకు చీటీలే వచ్చినవి, నేను చూచుకొనలేదు. ఆమె పనిచేయు యంత్రము కార్యాలయమువారిది. ఉద్యోగము మారినపుడు తిరిగి యిచ్చివేసెను. మిగిలినది గాదె. అచ్చట చూడగా, రుసుము చెల్లించు కార్డు గడువు తీరినందున సొమ్ము చేరక, హెచ్చరికలు పాత ఉత్తరపు పెట్టెకు పోయి, తుదకు గాదె ఖాళీ చేయబడెను. వారి నియమము వారు పాటించిరి. తప్పు మాది. భాండారము మూడుచోట్ల నున్నదని నిశ్చింతగా నుంటిమి. మూడుచోట్లను ఉన్నవి చీటీలే. సొత్తు ఒక్కచోటనే యుండెను, అదియు పోయెను.

అప్పుడు ప్రొద్దుటూరి శిష్యుడు జ్ఞప్తికి వచ్చెను. పాత నకలును పారవేయుమని అతనికిని వర్తమానము పోయియుండెను. ఆశ లేకయే యడిగితిని. అతడు, “అయ్యవారూ, మీ చేతి సొత్తును పారవేయుటకు నాకు చేతులు రాలేదు. బీరువాలో నున్నది” అనెను. ఆ మాట వినినపుడు నాకు కన్నీరు వచ్చెను.

డిస్కును తెచ్చి, ఒక్కొక్క ఫోటోకును ముద్రను లెక్కగట్టించి, చీటీలలోని ముద్రతో పోల్పించితిమి. ముద్ర కలిసినచో అది అక్షరాల ఆ బొమ్మయే. ఒక్క బైటు తేడా లేదు. 240 ఫోటోలలో 239 కలిసినవి. సందేహించిన యాకును పెద్దదిగా జేసి చూచితిమి. అంకె ౨. కిందిపంక్తిలోని గుడి కొమ్ము పైకి పొడుచుకొనివచ్చి, నా ముసలికంటికి మెలికవలె తోచి, నన్ను మోసగించినది. వెంటనే దిద్దించి, ఈమారు కారణమును గూడ వ్రాయించితిని.

కలియని ఆ ఒక్కటి చివరి యాకు. దాని స్పష్టమైన ఫోటో గాదెతోనే పోయెను. డిస్కులో మొదటి మసక ఫోటో యున్నది. అందులో మా ముత్తాతగారి పేరు చదువవచ్చును. గురువుగారి పేరు చదువరాదు. పోయిన ఫోటో యొక్క 64 అక్షరముల ముద్ర మాత్రము చీటిలో నేటికిని చెక్కుచెదరక యున్నది. ముద్ర యున్నంతమాత్రమున బొమ్మను తిరిగి చేయుట యెవరి తరమును గాదు.

పెద్దలారా, ఈ కథవలన నేను గ్రహించినది చెప్పెదను.

మొదటిది, వ్రాతను వ్రాతగాను, బొమ్మను బొమ్మగాను దాచవలెను. వ్రాతకు గిట్ వంటి పద్ధతి మిక్కిలి మేలు, సందేహింపక వాడుడు. దిద్దినపుడెల్ల ఏల దిద్దితిరో ఒక్క వాక్యము వ్రాయుడు. ఫోటోలను మాత్రము తీసిన మూలరూపమున నొక్కమారే దాచి, దిద్దకుడు. వెలుగు పెంచిన రూపము కావలసినచో దానిని మూలము నుండి ఎప్పుడైనను మఱల చేసికొనవచ్చును. చిన్నవియు, కొలదివియు, ఎన్నటికిని మారనివియునైన బొమ్మలను గిట్‌లోనే యుంచినను బాధ లేదు. బరువైనవానికి, మాటిమాటికి మారువానికి చీటి పద్ధతి పెట్టుకొనుడు.

రెండవది, సొత్తు ఎన్నిచోట్ల నున్నదో లెక్క వ్రాసికొనవలెను. ఈ లెక్కను యంత్రమే చూచుకొను సాధన మొకటి కలదు. 2010లో జోయి హెస్ అను నతడు ప్రారంభించిన గిట్ అనెక్స్ అను సాధనము, ఏ బొమ్మ యే డిస్కులలో నున్నదో తానే జాబితా నుంచును. మీరు ‘మూడు ప్రతులకు తక్కువ కారాదు’ అని నియమము పెట్టినచో, ఒకచోట బొమ్మను తీసివేయబోవునపుడు, తక్కినచోట్ల మూడు ప్రతులున్నవని రుజువైనగాని తీయనీయదు. మేమిప్పుడు దీనినే వాడుచున్నాము. ఒక డిస్కు మా యింట, ఒకటి ప్రొద్దుటూర, ఒకటి హైదరాబాదున మా యమ్మాయి యొద్ద. తుపాను మూడూళ్లకు ఒకేమారు రాదు గదా.

మూడవది, పంచుటకు ఇంటర్నెట్టే దారి కాదు. చరిత్ర వలదు, నేటి రూపము చాలునన్నవానికి గిట్‌లో పైపైని నకలు తీసికొను వీలు కలదు. బరువు చాల తగ్గును. బండిల్ అను నుపాయముతో భాండారము నంతయు నొక్క ఫైలుగా మూటగట్టి పెన్ డ్రైవులో నంపవచ్చును. అయితే ఆ మూటలో ఎల్.ఎఫ్.ఎస్. వారి చీటీలే పోవును, గాదెలోని బొమ్మలు పోవు. బొమ్మలను వేఱుగా నెక్కించి పంపవలెను. ఈ భేదము తెలియక మూటను చూచి మురియువారు, మేము పడిన గోతిలోనే పడుదురు.

నాలుగవది, సంవత్సరమున కొకమారు పరీక్షింపవలెను. ధాన్యపు పాతరను తెఱచి చూడనివానికి పురుగు పట్టినది తెలియదు. మేము సంక్రాంతి సెలవులలో మూడు డిస్కులలోని ముద్రలను లెక్కగట్టించి పోల్చుచున్నాము. అది యంత్రము చేయు పని. మనము చేయవలసినది ఆజ్ఞాపించుట, జాబు చదువుట. ఆ దినముననే గాదె రుసుము గడువును, కార్డు గడువును, ఉత్తరములు వచ్చు చిరునామాను గూడ చూచుకొనవలెను.

మీ యూళ్లలో చదువుకొన్న పిల్లలు వచ్చి, ‘తాతయ్యా, అంతయు భద్రముగా దాచితిమి’ అని చెప్పినపుడు సంతోషింపుడు, వారిని మెచ్చుకొనుడు. మెచ్చుకొని, ‘దాచినది చీటియా, సొత్తా? సొత్తు ఎన్నిచోట్ల నున్నది? ఏదీ, ఇప్పుడే యొకటి తెఱచి చూపుము’ అని అడుగుడు. ఈ ప్రశ్న యడుగుటకు కంప్యూటరు విద్య యక్కఱలేదు. నేను 2020లో అడిగియుండినచో మా ముత్తాతగారి గురువుగారి పేరు నేడు మీకు చెప్పగలిగి యుండెడివాడను.